టెక్కలి మాస్టారితో కథల ఆట

రావివలస ఎండల మల్లికార్జునుడి సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. వేరే దేవుళ్లయితే గర్భగుడి చీకట్లో ఉంటారు, మనం కాస్త అటూ ఇటూ చెప్పినా చూడనట్టు ఊరుకుంటారేమో. ఈయన నెత్తిన కప్పు లేకుండా ఎండలో, వానలో నిలబడి ఉంటాడు. ఆయనకు కనబడనిదంటూ ఉండదు. పలాసలో నన్నెరిగినవాళ్లు ఈ ఒట్టు చదివి నవ్వుతారని నాకు తెలుసు. నవ్వనివ్వండి.

వాళ్లు నవ్వడానికి కారణం ఉంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఎరువుల కొట్టు గుమాస్తాని. ఒకసారి మందస నుంచి సైకిల్ మీద వస్తుంటే జీడితోట మలుపులో ఎలుగుబంటి అడ్డం వచ్చి, వెనక కట్టుకున్న పనసపండు వాసన చూసి, పండు తీసుకుని నాకు దారి ఇచ్చింది. జరిగింది జరిగినట్టు టీ కొట్టు దగ్గర చెప్పాను. అంతే, ఆ రోజు నుంచి నేను బజారులో కనబడితే చాలు, "ఏటి బావా, ఈయేళ ఎన్ని ఎలుగులు ఎదురొచ్చినాయి?" అని ఎవడో ఒకడు అడిగేవాడు. నేను చెప్పింది ఒక్క ఎలుగు. వాళ్లే దాన్ని మందగా చేశారు. చివరికి కొట్లో యూరియా బస్తా వచ్చిందని చెప్పినా రైతులు లోపలికి తొంగి చూసి గానీ నమ్మేవారు కాదు.

అలాంటి రోజుల్లో నా కోతలకు గిరాకీ దొరికిన చోటు ఒకే ఒక్కటి. మా బావ జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక ఉన్న రేకుల షెడ్డు. బావ అంటే మా అక్క భర్త. సరుకు పని మీద విశాఖపట్నం వెళ్లినప్పుడు ఆయన దిగిన లాడ్జిలో, పక్క గదిలో ఇంజనీరింగు కుర్రాళ్లు ఏదో ఆడుతూ కేకలు పెట్టారట. పేకలు లేవు, పందెం లేదు, మరి అంత గొడవ దేనికని అడిగితే వాళ్లు ఆట ఎలా ఆడాలో చెప్పి, ఒక కట్ట జిరాక్సు కాగితాలు చేతిలో పెట్టారట. బావ వాటిని తెచ్చి నా ముందు పడేశాడు.

"ఈ ఆటలో ఒకడు కూకొని కోతలు కొయ్యాలట. మిగతావోళ్లు అది నిజవనుకోవాలట. నీ కోసవే పుట్టినట్టుంది, సూడు."

ఆట ఇదీ. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక వీరుడో, దొంగో, మంత్రగత్తో అవుతారు. కథ నడిపే మనిషి "మీ ఎదుట గుహ ఉంది, లోపల్నుంచి గురక వినబడుతోంది" అంటే, ఏం చేస్తారో మిగిలినవాళ్లు చెప్పాలి. లోపలికి దూరతారా, పొగ పెడతారా, పారిపోతారా, వాళ్ల ఇష్టం. పని జరిగిందా లేదా అన్న అనుమానం వచ్చిన చోట పాచిక వేస్తారు. కథ వారం వారం సాగుతుంది. ఎలా గెలవాలో చెప్పే పేజీ కోసం కట్టంతా తిరగేశాం, దొరకలేదు. జిరాక్సు వాడు ఎగ్గొట్టాడని చాలాకాలం తిట్టుకున్నాం. అసలు ఈ ఆటలో గెలవడమనేదే లేదని తర్వాతెప్పుడో తెలిసింది.

ఇరవై ముఖాల పాచిక కావాలని అందులో రాసి ఉంది. కాశీబుగ్గ ఫ్యాన్సీ షాపులన్నీ తిరిగాను. ఒకాయన "ఆరు మొకాలు సాలవేటి నీకు?" అని కసిరాడు. చివరికి మా అమ్మ పచ్చీసు గవ్వలు పట్టుకెళ్లాను. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే పని అంత బాగా జరిగినట్టు.

ఆడేవాళ్లం నలుగురం. బావ ఒక భారీ వీరుడు, ఆయుధం రోకలి. బావ అక్క, నాకు వదిన, మందస రోడ్డులో టైలరు. ఆవిడ ఎలుగుబంటి మీద తిరిగే మంత్రగత్తె. ఎలుగుబంటిని ఆవిడ నన్ను వెక్కిరించడానికే ఎంచుకుంది. ఫొటో స్టూడియో ఆయన ఎవరికీ కనబడని దొంగ. ఆయన మామూలుగా కూడా మాట్లాడడు కాబట్టి ఆ వేషం బాగా అతికింది. నేను కథ నడిపేవాణ్ని.

జిరాక్సులో ఉన్న మంచుకొండలు, రాజప్రాసాదాలు మాకు ఎక్కలేదు. అందుకని రాక్షసుణ్ని మహేంద్రగిరి మీద కూర్చోబెట్టాను. వాడు సముద్రం మీది గాలినంతా పట్టి ఒక జాడీలో బంధించాడు. కొండకూ సముద్రానికీ మధ్య ఉన్న ఉద్దానంలో కొబ్బరాకు కదలడం లేదు. వీరులు కొండెక్కి, కోట పగలగొట్టి, గాలిని విడిపించాలి. ఇదీ కథ.

మొదటి నెలలోనే గొడవొచ్చింది. బావ వీరుడు బురదగుంటలో పడ్డాడని నేను చెప్పాను. కాసేపయ్యాక బావకు తన వీరుడి పరువు గుర్తొచ్చింది.

"నానెందుకు పడతాను? నాను గట్టు మీద నడుత్తన్నాను."

"పడ్డావు బావా, మోకాళ్లదాకా."

"నేదు. నాను పళ్లేదు."

వదిన ఎప్పుడూ చేతిలో జాకెట్టు పెట్టుకుని కాజాలు కుడుతూ ఆడేది. తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది. "మరిది గుంట అన్నప్పుడు ఊ అన్నావు. బురద అన్నప్పుడు ఊ అన్నావు. పడ్డావన్నప్పుడూ ఊ కొట్టినావు. అన్నీ అయిపోనాక ఇప్పుడు లెగిసి గట్టెక్కుతానంతే ఎలగ?"

మా ఇళ్లలో కథ చెబితే వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే చెప్పేవాడు ఆగిపోవాలి, నిద్రపోయారని అర్థం. ఆ రోజు నుంచి అదే మా ఆటకు మొదటి నియమం. ఊ అన్నారంటే ఆ సంగతి జరిగిపోయినట్టే. ఒప్పుకోకపోతే ఊహూఁ అనాలి, అప్పుడు గవ్వలు వెయ్యాలి. ఆ కుర్రాళ్ల కాగితాల్లో ఈ నియమం లేదు.

ఇలా రెండేళ్లు ఆడాం. కోట చేరలేదు. చేరనిస్తే కదా! కొండ మొదట్లో బావకు మంచి జీడితోట కనబడింది. అక్కడ ఆగి పిక్కలు కొనడం మొదలుపెట్టాడు. వదినకు దారిలో పెళ్లికాని రాక్షసపిల్ల ఒకతె తగిలింది. దానికి సంబంధం కుదర్చడానికి వానాకాలమంతా పట్టింది. నేను వాళ్లను కోట వైపు తోలలేదు. ఎటు పోతే అటు కథ పరిచాను. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. వాళ్లు ఏదో అంటారు, నేను దాని మీద ఇంకో అబద్ధం ఎక్కిస్తాను, వాళ్లు ఊ అంటారు.

అప్పుడు వచ్చాడు టెక్కలి లెక్కల మాస్టారు.

స్టూడియో ఆయన తీసుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు. మాస్టారి దగ్గర అసలు పుస్తకం ఉంది. బెంగుళూరు నుంచి ఎవరో పంపారట. తోలుసంచిలో ఇరవై ముఖాల పాచిక, ఇంకా రకరకాల పాచికలు గాజుముక్కల్లా మెరుస్తున్నాయి. మా గవ్వలను చూసి ఆయన వెటకారమేమీ చెయ్యలేదు. అదే నాకు ఎక్కువ మండింది.

"మీ కథలో తర్వాతేం జరుగుతుందో మీకు ముందే తెలుసా?" అని అడిగారు.

"నాకా? ఎలా తెలుస్తుందండీ?"

"మరి ముగింపు?"

"వస్తే వస్తుంది."

ఆయన తల ఊపారు. పరీక్షలో తప్పు జవాబు రాసిన కుర్రాడి వైపు చూసినట్టు, జాలిగా.

మాస్టారు ఒక ఆదివారం తన కథ నడిపారు. భూమి లోపల కూరుకుపోయిన నగరం. గ్రాఫు కాగితం మీద ప్రతి గది, ప్రతి మెట్టు గీసి పెట్టుకున్నారు. బావ గోడ ఎక్కుతానంటే గోడ నున్నగా ఉందన్నారు. సొరంగం తవ్వుతానంటే కింద రాయి తగిలిందన్నారు. వదిన ఎలుగును లోపలికి తోలబోతే ద్వారం ఇరుకన్నారు. తెరుచుకునేది ఉత్తరపు తలుపు ఒక్కటే. ఎటు తిరిగినా చివరికి అక్కడికే వచ్చాం. కానీ ఆ తలుపు తెరుచుకున్నాక ఏం చెప్పారండీ! చీకట్లో నీటిచుక్క పడుతున్న చప్పుడు, బందీగా ఉన్న రాకుమారుడి గొలుసులు, రాతిపాము కళ్లు. నా చేతుల మీద రోమాలు లేచాయి. పాచికలో మోసం లేదు, మాటలో తడబాటు లేదు. సాయంత్రానికి రాకుమారుణ్ని విడిపించాం, కథ అయిపోయింది. బావ చప్పట్లు కొట్టాడు.

"సూసినావా? మొదలెట్టినాడు, ముగించీసినాడు. మనం రెండేళ్లబట్టి కొండెక్కుతన్నాం, మోకాళ్లరిగిపోనాయి."

"ఆ రెండేళ్లలో జీడితోట కొన్నది ఎవరు బావా?"

"నువ్వు కొననిచ్చినావు కాబట్టే కొన్నాను! కథ నడిపేవోడు అదుపులో ఎట్టాలి."

మాట పెరిగింది. ఒక్క షెడ్డు, ఒక్క ఆదివారం, ఇద్దరు కథకులు కుదరదు. చివరికి బావ తేల్చాడు. వచ్చే ఆదివారం నేను నా కథ నడపాలి. మాస్టారు కూడా అందులో ఒక వీరుడై ఆడతారు. అది అయ్యాక, ఇక మీదట కథ నడిపేవాడి పీట మీద ఎవరు కూర్చోవాలో అందరూ కలిసి చెబుతారు.

బయటికి నవ్వాను. ఆ పీట పోతే నాకు మిగిలేది ఎరువుల కొట్టు, నన్ను చూసి లోపలికి తొంగిచూసే రైతులు. ఊళ్లో నా మాటకు ఊ కొట్టే మనుషులు ఆ షెడ్డులో తప్ప ఎక్కడా లేరు.

ఆ వారమంతా మాస్టారి దారి పట్టాను. కోట లోపల ఏ గదిలో ఏముందో ముందే అనుకున్నాను. రాక్షసుడి మాటలు సైకిల్ తొక్కుతూ బట్టీ పట్టాను. ముగింపు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆదివారం వచ్చింది. జీడి సీజను. షెడ్డు రెండో చివర ఆడవాళ్లు చాపల మీద కూర్చుని విరగని గుడ్డుపప్పు ఒక పక్కకు, చీలిన బద్ద ఒక పక్కకు ఏరుతున్నారు. కాల్చిన పిక్కల వాసన గొంతులో పట్టుకుంటోంది. గాలి లేదు. మాస్టారు చొక్కా చేతులు మడిచి గోనెసంచి మీద కూర్చున్నారు. ఆయన వీరుడు ఒక ముసలి సేనాపతి.

నేను మొదలుపెట్టాను. కోట ద్వారం, కాపలా రాక్షసులు, ఏడంచెల గోడ. బావ రోకలితో ద్వారం బద్దలు కొడతానన్నాడు. కుదరదన్నాను, అది నా లెక్కలో లేదు. వదిన ఎలుగుతో వెనక నుంచి వెళ్తానంది. దారి లేదన్నాను. మొదట గట్టిగా వినబడ్డ ఊ కాస్తా పలచబడింది. బావ బయట ఎండబెట్టిన పిక్కల వైపు చూస్తున్నాడు. స్టూడియో ఆయన నిజంగానే కనబడకుండా పోయాడు, టీకి వెళ్లాడు. వదిన సూది కూడా ఆగిపోయింది. నేను ఒక మాట అని ఆగాను. ఊ రాలేదు. నేనొక్కణ్నే, రేకుల కింద, చెమట కారుస్తూ.

అప్పుడు వదిన అడిగింది. "ఆ కోట గోడ అవతల ఏటున్నాది మరిదీ?"

బట్టీ పట్టిన జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను. మాస్టారి వైపు తిరిగాను.

"సేనాపతి గారూ, మీరు గోడ పక్కనే ఉన్నారు. అవతల ఏముందో మీరే చూసి చెప్పండి."

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "అదేమిటి, నేనెలా చెబుతాను? కథ మీది కదా."

"మీరు చెప్పండి. నేను ఊ కొడతాను."

"నియమం ప్రకారం..."

"ఊ," అన్నాను.

"నేనింకా ఏమీ చెప్పలేదండీ."

"ఊ."

బావ తల తిప్పి చూశాడు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గ్రాఫు కాగితం కోసమేమో చెయ్యి జేబు మీదికి పోయింది, అక్కడ పెన్నులు తప్ప ఏమీ లేవు. చివరికి "సముద్రం," అన్నారు.

"ఓర్నాయనో," అన్నాడు బావ. "మహేంద్రగిరి మీద సముద్రవేటి మాస్టారూ?"

"నువ్వు ఊ కొట్టు," అంది వదిన.

"ఊ."

మాస్టారి సొంతూరు సముద్రం ఒడ్డున మూలపేట వైపు అని నాకు అప్పటిదాకా తెలియదు. మరో మాట మొదలుపెట్టేసరికి ఆయన గొంతు మారిపోయింది. పాఠం చెప్పే భాష ఎటు పోయిందో పోయింది. "గాలి నేకపోతే సముద్రం ఎలగుంతాది? అద్దం నాగ పడుంతాది. కెరటం లెగవదు, తెప్ప కదలదు. అది ఎన్నాళ్లని సూత్తాది? సూసి సూసి లెగిసిపోనాది. నా గాలి ఎక్కడున్నాదని ఎతుక్కుంటా ఉద్దానం దాటొచ్చీసింది, కొండెక్కీసింది. తెప్పలన్నీ ఎంటెట్టుకొచ్చింది."

"ఊ," అన్నాం ముగ్గురం. షెడ్డు రెండో చివర నుంచి కూడా వచ్చింది ఆ ఊ. పప్పు ఏరే ఆడవాళ్లు చేతులు ఆపలేదు, తలలు మాత్రం ఇటు తిరిగాయి.

"ఇప్పుడు గోడ అవతల నిలబడుంది. తలుపు తియ్యమని అడుగుతంది."

"ఊ!"

ఇక ఆగుతామా! వదిన ఎలుగు తెప్ప ఎక్కింది. అది ఎక్కగానే తెప్ప ఒక పక్కకు ఒరిగిందని పప్పు ఏరే ముసలమ్మ ఒకావిడ అక్కడి నుంచే కేకేసింది, అందరం ఊ కొట్టాం, తెప్ప ఒరిగింది. టీ తాగి వచ్చిన స్టూడియో ఆయన ఏం జరిగిందో కూడా అడక్కుండా, కోట లోపల్నుంచి గడియ తీశానన్నాడు. రెండేళ్లలో ఆయన చెప్పిన పెద్ద వాక్యం అదే. నేను చేసిందల్లా ఊ కొట్టడం, ఎక్కడైనా కథ తడబడితే "అప్పుడు ఆ నీళ్లు ఎటు పోయాయి?" అని ఒక ప్రశ్న అందించడం. ఇన్నేళ్లూ నా మాటకు ఎవరైనా ఊ కొడితే బాగుండునని తిరిగినవాణ్ని. ఎదుటివాళ్ల కోతలకు ఊ కొడితే కథ ఇంత ఎత్తుకు లేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

సముద్రం కోటలోకి దూకింది. రాక్షసుడు పీకల్లోతు నీళ్లలో జాడీని నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. బావ రోకలి ఎత్తాడు. గవ్వలు చేతిలోకి తీసుకున్నాడు.

"తగుల్తాదంటావా బావా?" అని నన్ను అడిగాడు. రెండేళ్లు ఎక్కిన కొండ ఆయన కళ్లలో ఉంది.

"వెయ్యి."

గవ్వలు చాప మీద దొర్లాయి. అన్నీ వెల్లకిలా. ఒక్కటి కూడా బోర్లా పడలేదు. జాడీ పగిలింది. సరిగ్గా అప్పుడే, ఒట్టేసి చెబుతున్నాను, పొద్దుట్నుంచి బిగుసుకున్న గాలి తూర్పు నుంచి ఒక్కసారి లేచి షెడ్డు రేకుల్ని దడదడలాడించింది. పప్పు మీది పొట్టంతా లేచి మా మీద పడింది. ఆడవాళ్లు చాపలు వదిలి లేచి నిలబడి అరిచారు. బావ నన్ను పైకెత్తి తిప్పాడు. వదిన కుడుతున్న జాకెట్టు ఎక్కడికి ఎగిరిపోయిందో తర్వాత గంటసేపు వెతికాం.

అందరూ కాస్త కుదుటపడ్డాక బావ గొంతు సవరించుకున్నాడు. "మరైతే వచ్చే ఆదివారం కథ ఎవులు సెప్పాలో తేల్చీసుకుందాం. ఏటంతారు మాస్టారూ?"

మాస్టారు తల నిండా జీడిపొట్టు. ఆయన బావ వైపు చూడనే లేదు, నా వైపు తిరిగారు. "అది తరవాత సూద్దారి. నాను తెప్ప మీదే ఉండిపోనాను. ఇంత గాలి ఒగ్గీసినారు, నన్ను ఎటు కొట్టుకుపోతంది?"

"వచ్చే ఆదివారం చెబుతాను," అన్నాను.

"ఇప్పుడే సెప్పండి."

"వచ్చే ఆదివారం, మాస్టారూ."

ఆయన టెక్కలి బస్సు ఎక్కేదాకా అదే అడుగుతూ నడిచారు. పీట సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఎన్నో ఏళ్లు ప్రతి ఆదివారం మాస్టారు ఆ గోనెసంచి మీదే కూర్చున్నారు. మెరిసే పాచికల సంచి మాకే ఇచ్చేశారు, మేం గవ్వలు మాత్రం మానలేదు. నా కథ దారి తప్పినప్పుడల్లా ఆయన దానికి ఒక గట్టి తలుపు బిగించేవారు, నేను ఆయన గోడలకు కిటికీలు కొట్టేవాణ్ని.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. ఇందులో ఒక భాగం నేను కల్పించాను. గాలి అనుకుంటున్నారు కదా? కాదు. రేకులు మోగాయి, పొట్టు లేచింది, గవ్వలన్నీ వెల్లకిలా పడ్డాయి, పనసపండు పట్టుకెళ్లిన ఎలుగు కూడా అక్షరాలా నిజం. నేను కల్పించింది నా ఓటమి. వారమంతా బట్టీ పట్టడం, ఊ పలచబడడం, చెమట కారుస్తూ నిలబడడం, అవేవీ జరగలేదు. ఆ ఆదివారం పీట మీద కూర్చున్న మొదటి నిమిషంలోనే "గోడ అవతల ఏముందో చెప్పండి" అని మాస్టారిని అడిగాను, మొదట్నుంచి చివరిదాకా మొత్తం షెడ్డు నాదే. వదిన సూది ఆగిన మాట నిజమే గానీ అది విసుగొచ్చి కాదు, కుట్టడం మరిచిపోయి. అదంతా ఉన్నదున్నట్టు రాస్తే మీరు నమ్మేవారా? ఎక్కడా తడబడకుండా గెలిచానంటే కోతలనేవారు. మధ్యలో కాసేపు ఓడిపోయాను కాబట్టే ఇంతదాకా ఊ కొడుతూ వచ్చారు.